పూర్ణిమ దాటాక

ఫిత్సనులోక్,
ఏప్రిల్ చివరి వారం

సంగియం చెల్లికి,

క్షేమంగా చేరాను. రైలు ఎప్పటిలాగే ఆలస్యం, పక్క సీటాయన ఎప్పటిలాగే గురక. నువ్వు అరిటాకులో కట్టిచ్చిన కానాగంత చేపల వాసనకి పెట్టెలో జనమంతా మొదట మొహం చిట్లించారు. తెల్లారేసరికి అందులో సగం మంది నన్ను పెద్దమ్మా అని పిలిచి తలో ముక్కా తిన్నారు. మా రచనీకి మిగిలినవి తలకాయలే. కన్నతల్లి తెచ్చింది కదా అని అవే చప్పరించింది.

కొత్త సంవత్సరం నీళ్ళు చల్లుకోవడం అయింది, ఒళ్ళు ఆరింది. ఇక అసలు మాట.

మీ కుక్క గుమ్మడిని చూశాను. రెండేళ్ళలో ఇది మూడో కాన్పు. దాని డొక్కలో ఎముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. పండగ ఆఖరి రోజున మీ పక్కింటి యుపిన్ ఆ కూనలన్నిటినీ రొయ్యల బుట్టలో వేసి, పైన తువ్వాలు కప్పి, కాలువ చివరి విహారానికి పడవలో తీసుకుపోయింది. నువ్వు రేవు మెట్ల మీద నిలబడి చేతులు జోడించావు. నేను నీ వెనకే ఉన్నాను. బెల్లం పొయ్యి పొగకి కళ్ళు మండాయని మాత్రం రాయకు. ఆ రోజు నువ్వు పొయ్యి వెలిగించలేదు.

కుక్కపిల్లల్ని విహారంలో వదలడం దానమని మీ కాలువ జనం నమ్మకం. మనకి కావలసిందాన్ని ఇస్తే దానం అంటారని నేను ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠం చెప్పాను. అక్కర్లేనిదాన్ని ఇంకొకరి గుమ్మంలో పెడితే దానికి వేరే మాట ఉంది. పాపం, ఆ భిక్షువులు వాటినేం చేస్తారు? గుండు గీసి కాషాయం కడతారా?

బయల్దేరే రోజు పొద్దున్నే నేను విహారానికి వెళ్ళొచ్చాను. నీకు చెప్పలేదు. ఆరు కూనల్లో నాకు నాలుగే కనిపించాయి. అక్కడి పెద్ద కుక్కలు చిన్నవాటిని మెతుకుల దగ్గరికి రానివ్వవు. ఇంతకంటే రాయను.

గుమ్మడికి ఆపరేషన్ చేయించు. మా పిల్లి బొగ్గుగాడికి చేయించాను కదా. అంతకుముందు నెలకోసారి చెవి చింపుకుని, మెడ మీద చీముగడ్డతో, కంపు కొడుతూ ఇంటికొచ్చేవాడు. ఈ వీధిలో పుట్టిన ప్రతి పిల్లికూనకీ వాడి మొహమే. రచనీ సిగ్గుతో చచ్చేది, వాడు మాత్రం మీసం దువ్వుకునేవాడు. ఇప్పుడు గుమ్మం దాటడు, చెవులు చెవుల్లానే ఉన్నాయి. ఆడదానికైతే ఇంకా మేలు. ఏటా ఈని ఈని అరిగిపోదు. తీసేసిన గర్భసంచికి జబ్బు రాదు. వేళకి చేయిస్తే రొమ్ముల్లో గడ్డలు లేవడం కూడా తక్కువట. ఇదంతా నేను కనిపెట్టింది కాదు, పశువైద్యుడు చెప్పింది. కాబట్టి నా మీద కోప్పడకు.

ఆలోచించి రాయి. ఆలోచించకుండా రాసినా చదువుతాను.

నీ అక్క,
ప్రనోమ్


అంఫావా కాలువ,
మే నెల, తొలి వాన కురిసిన మర్నాడు

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం తడిసి వచ్చింది. అయినా నీ మాటలు ఒక్కటీ చెరగలేదు. అవి వానకి చెరిగే రకం కాదులే.

నాలుగే చూశానన్నావు. మిగతా రెండూ ప్రార్థన మండపం కింద ఉండి ఉంటాయి. అక్కడ చల్లగా ఉంటుంది. అక్కడే ఉన్నాయనుకుంటున్నాను.

ఆపరేషన్ మాట మళ్ళీ ఎత్తకు అక్కా. ఎందుకో చెబుతాను, నవ్వకు. మన చిన్నప్పుడు వెనక వీధిలో పందులకి విత్తులు కోసే ముసలాయన ఉండేవాడు, గుర్తుందా? ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు అమ్మ మన కళ్ళు మూసేది. "నోరులేని జీవికి సంతానం లేకుండా చేసినవాళ్ళు వచ్చే జన్మలో గొడ్రాళ్ళవుతారు" అనేది. నువ్వు పుస్తకాలు చదివి అది మర్చిపోయావు. నాకు మర్చిపోయే వీలెక్కడిది? పెళ్ళయ్యాక ఎన్ని ఆసుపత్రులు తిరిగామో, ఎన్ని చోట్ల ముడుపులు కట్టామో నీకు తెలుసు. లోపమేమీ కనబడలేదన్నారు డాక్టర్లు. మా ఆయన థవీ పోయేదాకా ఒక్కనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడం ఇంకా బరువుగా ఉండేది.

కిందటి జన్మలో ఏ జీవికో నేనే ఈ పని చేయించి ఉంటాను. ఈ జన్మ అలా గడిచిపోయింది. వచ్చే జన్మలో ఒక్క బిడ్డనైనా ఎత్తుకోవాలక్కా. రోజూ తెల్లవారుజామున రేవులో కూర్చుని, పడవలో వచ్చే భిక్షువుల పాత్రల్లో అన్నం పెట్టేది ఆ ఒక్క కోరికతోనే. ఇంకేమీ కోరలేదు. ఇప్పుడు నా చేతులతో నేనే గుమ్మడిని కోయించి, ఉన్న ఆ కాస్త ఆశనీ పాడుచేసుకోనా?

గుమ్మడి బాగుంది. కొబ్బరినీరా కాచేటప్పుడు పొయ్యి పక్కనే పడుకుని నా మాటలన్నీ వింటుంది. థవీ చనిపోయిన ఏడాది తోటలోంచి అదే నడుచుకుంటూ వచ్చింది. ఎవరూ తెచ్చి వదల్లేదు.

నీ చెల్లెలు,
సంగియం


ఫిత్సనులోక్,
మే నెల చివర

చెల్లీ,

నవ్వలేదు. కానీ ఒక చిన్న సంగతి. ఆ పందుల ముసలాయన ఇంటి ముందు అమ్మ నీ కళ్ళు గట్టిగా మూసింది కాబట్టి నువ్వు చూడలేదు. నేను వేళ్ళ సందుల్లోంచి చూశాను. ఆయనకి తొమ్మిది మంది పిల్లలు. పదోవాడు ఉయ్యాల్లో ఉన్నాడు. అదంతా వచ్చే జన్మలో అనుభవిస్తాడంటావు. అలాగే కానీ. వచ్చే జన్మలో ఏం జరుగుతుందో ఎవరూ తిరిగొచ్చి చెప్పరు కాబట్టి, ఆ వాదంలో నిన్ను గెలవడం నావల్ల కాదు.

నీ గర్భం మీద నువ్వు పెట్టుకున్న నేరం నీది కాదు. డాక్టర్లకి కనబడని కారణాలు ఈ ప్రపంచంలో లక్ష ఉన్నాయి. వాటిలో ఏదీ నువ్వు ఏ కాలంలోనో పెంచిన పంది కాదు.

పిల్లలు లేకపోవడం అంత పెద్ద శిక్ష అనుకుంటే వచ్చి ఒక నెల మా రచనీతో ఉండు. నిన్న నా కళ్ళజోడు ఎక్కడుందే అని అడిగితే, "నీ మొహం మీదే ఏడ్చింది, చూసుకో" అంది. ఇదీ మాతృత్వపు మాధుర్యం. పిల్లల్ని కనడమే పుణ్యమైతే మన వంశంలో అందరికంటే పుణ్యాత్మురాలు మీ గుమ్మడి. కాన్పుకి ఆరేడుగురు. నువ్వు దాని కాళ్ళకి మొక్కాలి.

అసలు విషయానికి రా. మళ్ళీ ఎదకొచ్చేలోపు దాన్ని మేక్లాంగ్ పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళు.

ప్రనోమ్


అంఫావా కాలువ,
జూన్

గౌరవనీయులైన ఉపాధ్యాయిని ప్రనోమ్ గారికి,

మీ ఉత్తరం అందింది. మీరూ మీ కుటుంబమూ ఆరోగ్యంగా ఉన్నారని తెలిసి సంతోషించాను.

మీరు చెప్పినట్టే గుమ్మడి నాకంటే పుణ్యాత్మురాలు. ఆ సంగతి నాకు మీకంటే ముందే తెలుసు. రోజూ చూస్తూనే ఉన్నాను.

కుక్క గురించి మీరింక శ్రమపడనక్కర్లేదు. ఆ సమస్య తీరిపోయింది.

పంపరపనసలు కాపుకొచ్చాయి. యుపిన్ కొడుకు ఉత్తరాదికి లారీ తోలుతున్నాడు. ఒక బస్తా మీ ఇంట్లో దింపుతాడు. పెద్దవాళ్ళకి పంపడం ఆనవాయితీ కాబట్టి పంపుతున్నాను.

సంగియం


ఫిత్సనులోక్,
జులై మొదటి వారం

సంగియం,

పంపరపనసలు అందాయి. తియ్యగానే ఉన్నాయి. నువ్వు వాటినైనా పుల్లటివి ఏరి పంపాల్సింది. నాకు న్యాయంగా ఉండేది.

ఇన్నేళ్ళలో నన్నెప్పుడూ గారు అనలేదు నువ్వు. ఆ ఒక్క మాట కింద నా ఉత్తరమంతా పడి నలిగిపోయింది. రచనీకి చదివి వినిపించాను. అది నా మొహం చూసి, "పిన్ని బాగా రాసింది" అని వంటింట్లోకి పోయింది. నా నాలుక బళ్ళో వెనక బెంచీ వాళ్ళని అదుపు చెయ్యడానికి పదును పెట్టుకున్నది. ఉద్యోగం అయిపోయింది కానీ దానికింకా పెన్షన్ ఇవ్వలేదు. నేను రాసిన ఆ గుమ్మడి మాటని కొట్టెయ్యి. కొట్టేసినా కనబడుతుందని తెలుసు.

ఇక ఒక్క ప్రశ్న. సమస్య తీరిపోయిందన్నావు. ఎలా తీరింది? గుమ్మడిని ఎవరికైనా ఇచ్చేశావా? కట్టేశావా? కుక్కల విషయంలో తనంతట తాను తీరిన సమస్యని నేనింతవరకూ చూడలేదు. తిడతావా, తిట్టు. కానీ చెప్పు.

నీ అక్క


అంఫావా కాలువ,
జులై చివర

అక్కా,

పది రోజులు నీ మీద అలిగాను. ఇంకా పది రోజులు అలగాలనుకున్నాను కానీ గుమ్మడి సంగతి ఎవరికైనా చెప్పాలనిపిస్తోంది.

మా కాలువకి నెలకోసారి పడవలో దాణా అమ్మే అతను వస్తాడు. కుక్కలకీ పిల్లులకీ ఈనకుండా సూది కూడా వేస్తాడు. ఇక్కడందరూ అదే వేయిస్తారు. "కత్తి లేదు, నెత్తురు లేదు, పాపం లేదు. పని మాత్రం అవుతుంది పిన్నీ" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. నీ మాటా నెగ్గుతుంది, నా మాటా నెగ్గుతుంది అనుకున్నాను. అప్పటికి గుమ్మడి ఎదకొచ్చి వారమైంది. కాలువ అవతలి మగకుక్కలు కూడా ఈదుకుంటూ వచ్చి మన గేటు దగ్గర కాపలా కాస్తున్నాయి. సూది పడ్డాక నాలుగు రోజులకి అన్నీ వెళ్ళిపోయాయి. నీకు చెబితే ఏదో ఒకటి అంటావని చెప్పలేదు.

ఇప్పుడు చిత్రంగా ఉంది. గుమ్మడికి పొట్ట ఎత్తుగా వచ్చింది. కుండెడు నీళ్ళు తాగుతోంది. మళ్ళీ అడుగుతోంది. అన్నం ముట్టదు, కానాగంత ముల్లు తీసి నోటికందించినా మొహం తిప్పుకుంటుంది. పొయ్యి పక్కకి రావడం మానేసి మెట్ల కింద చల్లటి బురదలో పడుకుంటోంది. వెనకవైపు జిగురుగా ఏదో కారుతోంటే నాకుతూనే ఉంటుంది. కాస్త వాసన కూడా వస్తోంది. యుపిన్ చూసి, "ఆ సూది పనిచెయ్యలేదు. ఇది చూలుతో ఉంది. ఈనే ముందు ఇలాగే ఉంటుంది" అంది.

నీకు చెప్పకూడదు కానీ లోపల్లోపల నాకు సంతోషంగా ఉందక్కా. నేను ఆపాలని చూశాను, ఆగలేదు. అంటే వీటికి పుట్టే రాత ఉందన్నమాట. ఈసారి ఒక్కదాన్ని కూడా పంపను. పాత దోమతెర చింపి మెత్తలు కుడుతున్నాను.

నీ చెల్లెలు


తంతి
ఫిత్సనులోక్ నుంచి అంఫావాకు

అది చూలు కాదు. ఇక్కడి పశువైద్యుణ్ణి అడిగాను. గర్భసంచిలో చీము. ఈరోజే మేక్లాంగ్ పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్ళు. కొయ్యాలంటే వెంటనే కోయించు. దేనికోసమూ ఆగకు. ప్రనోమ్.


అంఫావా కాలువ,
ఆగస్టు

అక్కా,

నీ తంతి ఆషాఢ పూర్ణిమకి ముందు రోజు మధ్యాహ్నం అందింది. యుపిన్‌కి చదివి వినిపించాను. "మీ అక్క అక్కడెక్కడో కూర్చుని ఇక్కడి కుక్క కడుపులో ఏముందో చెబుతుందా?" అంది. అంటూనే పడవ విప్పింది. గుమ్మడిని తువ్వాల్లో చుట్టి రోడ్డు దాకా పడవలో, అక్కణ్ణుంచి టెంపోలో మేక్లాంగ్ తీసుకెళ్ళాం. దారిలో అది నా ఒళ్ళో తల పెట్టుకుని ఉంది. ఒళ్ళు కాలిపోతోంది.

డాక్టరు చిన్నపిల్ల. పొట్ట మీద చెయ్యి వేసి చూసి నన్నడిగింది.

"ఈనకుండా సూది వేయించారా అమ్మమ్మా?"

"వేయించాను."

"ఎదలో ఉన్నప్పుడా?"

"ఊఁ."

"ఆ టైములో వేయిస్తే ఇదిగో, ఇలా అవుతుంది. అందరూ ఇదే చేస్తారు. గర్భసంచి నిండా చీముంది. ఇవాళే తీసెయ్యాలి."

"మందులతో పోదా అమ్మా?"

"పోదు."

"తీసేస్తే మరి దానికి పిల్లలు…"

"పుట్టరు. కానీ ఇది బతుకుతుంది."

ఆ పిల్ల ఎంత మామూలుగా అందో ఆ మాట. నేను గోడకున్న క్యాలెండరు చూశాను. మర్నాడు పూర్ణిమ, ఆ మర్నాడు భిక్షువుల వానాకాలపు దీక్ష వర్షావాసం మొదలు. ఆ రెండు రోజులూ మా కాలువలో చేప పొట్ట కూడా చీల్చరు, నీకు తెలుసుగా. సాయంత్రమైపోయింది. ఇప్పుడు మొదలుపెడితే పండగ గడియల్లోకి పోతుందనుకున్నాను. "పూర్ణిమ దాటాక తీసుకొస్తానమ్మా" అన్నాను.

"లోపలున్న చీముకి పూర్ణిమ తెలీదు అమ్మమ్మా" అంది. నువ్వే అన్నట్టుంది. మందులిచ్చి పంపింది.

పూర్ణిమ సాయంత్రం విహారానికి వెళ్ళాను. అందరూ కొవ్వొత్తులతో మండపం చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నారు. నేను పెద్ద భిక్షువు గారి ముందు కూర్చుని మొత్తం చెప్పాను. ఆయన విని, "నన్ను అడగడానికొచ్చావా అమ్మా, నాచేత వద్దనిపించుకోడానికొచ్చావా?" అన్నారు. నేను చేతులు జోడించాను. "మనసులో ఏముందో అదే కర్మ. బతికించాలని కోయిస్తే అది వైద్యం. తెల్లారగానే తీసుకెళ్ళు" అన్నారు.

"ఈ మాట మాకు ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు భంతే?" అన్నాను.

"ఎవరూ అడగలేదమ్మా. తెచ్చి వదిలేసి, దండం పెట్టి వెళ్ళిపోయారు."

తెల్లారింది. గుమ్మడి కాస్త నీళ్ళు తాగింది, తోక కదిపింది. మందు పనిచేస్తోందనుకున్నాను. విహారంలో వర్షావాసపు వంటకి నేను వస్తానని మాటిచ్చి ఉన్నాను. ఈ ఒక్కరోజూ పోనీ, ఈ రోజున నెత్తురు వద్దు అనుకున్నాను. ఆయన అంత స్పష్టంగా చెప్పినా పడవ విప్పలేదు. నీ దగ్గర దాచను. నన్ను ఆపింది పండగ కాదు. వచ్చే జన్మలో నా ఒళ్ళో ఉండాల్సిన పిల్ల ఆపింది. పుట్టని పిల్ల కోసం, ఒళ్ళో ఉన్నదాన్ని ఆ రోజంతా మెట్ల కింద వదిలేసి నేను గరిటె తిప్పుతూ కూర్చున్నాను.

మర్నాడు వెలుగు రాకముందే బయల్దేరాం. బల్ల మీద పడుకోబెట్టాక నేనే అన్నాను, "కోసెయ్యి తల్లీ, ఏమైనా సరే కోసెయ్యి" అని. గట్టిగా అన్నాను, బయట ఉన్నవాళ్ళకి కూడా వినబడింది. డాక్టరు దాని చిగుళ్ళు చూసి, చెవి పెట్టి గుండె విని, నా చెయ్యి తెచ్చి దాని తల మీద పెట్టింది. "ఇప్పుడు మత్తు తట్టుకోదు అమ్మమ్మా. మీరు దగ్గరుండండి" అంది.

ఎక్కువసేపు పట్టలేదు.

అంటే నేను ఆపరేషన్ చేయించలేదు. ఆ పాపం నాకు అంటలేదు. గుమ్మడి లేదు.

తోటలో పాతిపెట్టాం. యుపిన్ తవ్వింది.

సంగియం


ఫిత్సనులోక్,
ఆగస్టు

సంగియం,

నీకు రెండు ఉత్తరాలు రాసి చించేశాను. నేను ముందే చెప్పాను కదా అని ఒకదాంట్లో ఉంది. నీ తప్పేమీ లేదని రెండోదాంట్లో ఉంది. రెండూ చదివితే నాకే రోత పుట్టింది.

ఇది మూడోది. ఇందులో ఏమీ లేదు. పొద్దున వాన పడింది. రచనీ నీకు ఎండుచేపల పచ్చడి కట్టింది. నేను రానా అని అడుగుతున్నాను. వద్దంటే రాను. వచ్చినా మాట్లాడను. నమ్మవని తెలుసు, అయినా మాట్లాడను.

ఒక సమాచారం మాత్రం రాస్తున్నాను. సలహా కాదు. నా దగ్గర చదువుకున్న ఒక పిల్ల పశువైద్యశాఖలో డాక్టరు, ఇప్పుడు మీ జిల్లాలోనే ఉంది. సెప్టెంబరు మొదట్లో వాళ్ళ బృందం మీ కాలువ విహారానికొచ్చి, కుక్కలకీ పిల్లులకీ పిచ్చికుక్క వ్యాధి రాకుండా సూదులు వేసి, కోరినవాళ్ళకి ఆపరేషన్లు కూడా చేస్తుందట. నేను రాయకపోయినా వచ్చేవాళ్ళే. నేను రాశాను కాబట్టి మీ ఊరు ముందు పెట్టుకున్నారు. నువ్వు వెళ్ళనక్కర్లేదు. ఆ రోజు తలుపు వేసుకుని పడుకో.

నీ అక్క,
ప్రనోమ్


అంఫావా కాలువ,
సెప్టెంబరు

అక్కా,

పచ్చడి అందింది. అప్పుడే రాకు. వానలు తగ్గాక రా, మాట్లాడాలనుంటే మాట్లాడు కూడా. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది.

తలుపు వేసుకుని పడుకుందామనే అనుకున్నాను. కానీ ఉదయం నుంచి ఇంటి ముందు పడవలు పోతూనే ఉన్నాయి, ఒక్కోదాంట్లో ఒక్కో మొరుగుడు. ఉండలేక నేనూ వెళ్ళాను.

మండపం ముందు బల్లలు వేశారు. నీ శిష్యురాలు పొట్టిగా, చురుగ్గా ఉంది, నీలాగే కళ్ళజోడు మీంచి చూస్తుంది. పిచ్చికుక్క వ్యాధి సూదికి జనం తోసుకున్నారు. అది అయిపోయి, "ఆపరేషన్‌కి ఎవరు?" అని పిలిస్తే మాత్రం ఒక్కరు కదల్లేదు. అందరి చేతుల్లో తాళ్ళున్నాయి, బస్తాల్లోంచి పిల్లుల తలలు బయటికొచ్చి ఉన్నాయి. అందరికీ చేయించాలనే ఉంది. అందుకే కదా అన్నం పెట్టకుండా, కడుపు ఖాళీగా తెచ్చారు. గుమ్మడి సంగతి కాలువంతా తెలుసు. అయినా ముందు అడుగు ఎవరు వేస్తారని ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటున్నారు.

పెద్ద భిక్షువు గారే ముందుకొచ్చి, "విహారంలో ఉన్నవన్నీ నావి. కానివ్వండి" అన్నారు.

"వచ్చే జన్మలో మీకు పిల్లలు పుట్టరు భంతే" అని వెనకనుంచి ఎవరో ముసలాయన.

"ఈ జన్మలో పుడుతున్నారా ఏమిటి నాకు?" అన్నారాయన. అందరూ నవ్వారు. నవ్వి మళ్ళీ అక్కడే నిలబడ్డారు.

యుపిన్ తన పిల్లి బస్తా గుండెలకి అదుముకుని ఉంది. "సూదికి భయం, కత్తికీ భయం. నాకిద్దరు కోడళ్ళు, ఒక్కదానికీ ఇంకా కడుపు పండలేదు. ఇప్పుడు నా చేత్తో ఇది చేయించి, రేపు వాళ్ళకేమైనా అయితే?" అంది.

వెనక నుంచి ఒకామె అంది, "అంత భయమైతే సంగియం పిన్ని చేతికివ్వవే. ఆవిడకి పోయేదేముంది?"

అన్నామె నాలుక కరుచుకుంది. యుపిన్ వెనక్కి తిరిగి బూతు తిట్టబోయింది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

"నిజమే కదా. ఇలా ఇవ్వు" అన్నాను.

బస్తా తీసుకుని బల్ల దగ్గరికెళ్ళాను. అక్కడ పేర్లు రాస్తున్నావిడ, "ఎవరిది ఈ పిల్లి?" అని అడిగింది.

"నాది" అన్నాను.

ఆ ఒక్క మాట అనడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు. నోరు తెరిచాను, ఏదో ఒకటి నా నుంచి వెళ్ళిపోయింది. అది ఏమిటో నీకు తెలుసు. రోజూ రేవులో కూర్చుని అన్నం పెట్టి అడిగినదే. పోతుంటే తెలిసింది, పట్టుకోలేదు.

ఆ తర్వాత తేలికైంది. ఎవరో వచ్చి నా చేతిలో తాడు పెట్టారు. "ఎవరిది?" "నాది." ఇంకొకరు. "ఇది?" "ఇదీ నాదే." తాడు ఇచ్చేవాళ్ళు నా కళ్ళలోకి చూడలేదు. ఒకావిడ మాత్రం వంగి నా పాదాలు తాకబోయింది, వద్దన్నాను. నీ శిష్యురాలు కళ్ళజోడు పైకి తోసి, "ఏంటమ్మమ్మా, మీరెన్ని పెంచుతున్నారు?" అంది. "కాలువలో ఉన్నవన్నీ" అన్నాను. ఆమెకి అర్థమైంది, ఇంకేమీ అడగలేదు. రాసేవిడకి కూడా సైగ చేసింది, అడగొద్దని.

ఆపరేషన్ అయినవాటిని చాపల మీద వరసగా పడుకోబెట్టారు. నాలుకలు పక్కకి వేలాడుతూ, కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి. నేను తడిగుడ్డతో ఒక్కోదాని నోరు తుడుస్తూ తిరిగాను. మత్తు దిగేటప్పుడు అవి చంటిపిల్లల్లా మూలుగుతాయక్కా. అది ఎవరి చెయ్యో తెలీదు వాటికి. చెయ్యి తగిలితే చాలు, తల దానికేసి నొక్కుకుంటాయి. ఇలాంటి మూలుగు నేనెప్పుడూ వినలేదు. గుమ్మడి కూడా బల్ల మీదికి మూడు రోజుల ముందు ఎక్కి ఉంటే ఇలాగే మూలిగేది. సాయంత్రానికి లేచి తూలుతూ నడిచేది.

దీపాలు పెట్టే వేళకి అందరూ వచ్చారు. ఎవరి కుక్కని వాళ్ళు, ఎవరి పిల్లిని వాళ్ళు ఎత్తుకుపోయారు. యుపిన్ తన పిల్లిని భుజాన వేసుకుని, పట్టు జారకుండా, పడవలో కూడా నిలబడే పోయింది. నేను చాపలు కడిగి ఆరేసి, పడవ విప్పుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి చాలాసేపైంది. చేతులు ఆ మందు వాసనే వేస్తున్నాయి, వేళ్ళ మధ్య రంగురంగుల వెంట్రుకలు. రేవులోకి దిగి కడుక్కోవాలి. ఇంకా దిగలేదు.

నీ చెల్లెలు,
సంగియం